బాట అంచున పచ్చిక



మృగశిర కార్తె ప్రవేశించి రెండు మంచి వానలు పడినతోడనే, ఉప్పల్ కూడలినుండి వరంగల్లు వైపు సాగు జాతీయ రహదారి అంచులును, హబ్సిగూడనుండి నాచారము మీదుగ మల్లాపూరు చేరు రోడ్డుకు ఇరుప్రక్కలనున్న మొరపు నేలయు, పారిశ్రామికవాడల ప్రహరీగోడల మొదళ్లును, ఇండ్లు కట్టక ఏండ్ల తరబడి విడిచిన ప్లాట్లును పదునైదు దినములు తిరుగకముందే పచ్చబడును. వైశాఖమున ఎర్రని దుమ్ము తప్ప మరేమియు కానరాని ఆ నేలయందే, శ్రావణము వచ్చునప్పటికి, మోకాలి యెత్తు పెరుగుదల నిలిచి కాలినడక దారిని సగమాక్రమించును. దానిని చూచిన గృహస్థునకును, కాలనీ సంఘపు పెద్దకును, కర్మాగారపు కావలివానికిని మొట్టమొదట తోచు ఉపాయము నేడు ఒక్కటియే యైనది: ఎరువుల దుకాణమునకు పోయి ఒక డబ్బా గడ్డిమందు తెచ్చి, అద్దెకు ఒక స్ప్రేయరు తీసికొని, ఒక పూటలో కొట్టించివేయుట. వారము పది దినములలో గడ్డి పండుబారి, ఎండి, నేలకు వాలును. పని ముగిసినదను తృప్తి కలుగును. ఆ తృప్తి ఎంతవరకు న్యాయమైనది, ఆ మందు ఎక్కడికి పోవుచున్నది, దానిచే మనము చంపినదేమి, చంపక మిగిల్చినదేమి యను ప్రశ్నలను ఈ పూట మీతో కలిసి విచారింపవలెనని నా కోరిక.

గడ్డిని తీసివేయవలెనని కోరువారి పక్షమున న్యాయము లేకపోలేదు. మలుపుల వద్ద ఏపుగ పెరిగిన గడ్డి ఎదుట వచ్చు వాహనమును మరుగుపరచును. కాలిబాట మూసికొనిపోగ, బడిపిల్లలు రోడ్డు మీదికి దిగి, లారీలు తిరుగు త్రోవలో నడువవలసివచ్చును; నాచారపు పారిశ్రామికవాడలో పగలంతయు బరువు బండ్లు తిరుగుచుండును గనుక, ఇది చిన్న ప్రమాదము కాదు. కాలువల నోళ్లయందు గడ్డియు, దానిలో చిక్కుకొనిన ప్లాస్టిక్ సంచులును కలిసి అడ్డుపడి, గంటసేపటి వానకే వీధి చెరువగును. చీకటి పడిన పిమ్మట పాము భయము. ఎండాకాలమున నిప్పు భయము. ఈ బాధలు నిజమైనవి. పచ్చదనము మీది ప్రీతిచేత వీనిని తేలికపరచుట, ఆ దారిని నిత్యము నడచువారియెడల అన్యాయమగును.

అయితే ఆ పెరుగుదలలోనికి వంగి చూచినవారికి, అందులో పది పదునైదు జాతుల మొక్కలు ఒకదాని ప్రక్కనొకటి బ్రదుకుచుండుట కనబడును. వాని స్వభావములు వేరు, మనకు అవి చేయు మేలు కీడులును వేరు.

మొదట గరిక. అది ఎత్తునకు పోదు. నేలనంటి ప్రాకుచు, కణుపు కణుపునను వేరు దిగి, మొరమును పట్టి నిలుపును. తారు రోడ్డు అంచునకు బలమెక్కడినుండి వచ్చుచున్నదో గమనించిన యింజనీర్లు గరికను శత్రువుగ తలపరు. వాన నీరు రోడ్డు మీదినుండి అంచునకు జారినప్పుడు, అక్కడ వట్టి మట్టి యున్నచో అది కోసికొనిపోవును. మట్టి పోగా తారు అంచు గాలిలో నిలిచి, ఒక లారీ చక్రము పడగనే పెళ్లలుగ విరుగును. 1934లో స్థాపింపబడిన ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్, గట్టు వాలులు కోతకు గురికాకుండ వానిపై పచ్చిక పెంచుమని తన సిఫారసులలో చెప్పుచునే యున్నది. అనగా రోడ్డు వేయువారు కోరి నాటవలసిన మొక్కను, వాన ఊరక యిచ్చుచుండగ, మనము డబ్బిచ్చి చంపించుచున్నాము.

తరువాత తుంగ. దాని ఆకులను కోసినను, కాల్చినను, భూమిలో దాని గడ్డలు గొలుసువలె మిగిలి మరల మొలచును. తోటవారికి అది తలనొప్పియే గాని, ఎక్కువ ఎత్తు పెరుగదు గనుక బాటసారికి దానివలన కీడు లేదు. ఊదారంగు కంకులను చేతివ్రేళ్లవలె విప్పి నిలుచు గడ్డి, వస్త్రములకు గ్రుచ్చుకొను ముల్లుగడ్డి, కాలువల వెంట బారెడు పెరుగు నీటిగడ్డి — వీనిని కోయవలసినదే. వీని నడుమ గునుగు, తంగేడు, ఉత్తరేణి, తుమ్మి, ఉమ్మెత్త, జిల్లేడు, పసుపుపచ్చని చిన్న పూలతో గడ్డిచామంతి.

ఇక అసలు శత్రువు వయ్యారిభామ. మనవారు దానిని కాంగ్రెసు గడ్డి యనియు అందురు; కాని శాస్త్రదృష్టిచే అది గడ్డి కానే కాదు, ప్రొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందిన మొక్క. అమెరికా ఖండపు ఉష్ణప్రాంతములనుండి వచ్చిన యీ మొక్కను పూనా నగరమున 1955 ప్రాంతమున గుర్తించిరి. దిగుమతియైన గోధుమలతో దాని విత్తనములు దేశమంతట ప్రాకినవని చాలమంది విశ్వాసము. తెల్లని చిన్నపూలతో అందముగనే యుండును. కాని ఒక్క మొక్క పదివేలకు మించి విత్తనములు రాల్చగలదు. దాని పుప్పొడి ఉబ్బసము గలవారిని బాధించును. దానిని తరచుగ తాకువారి చర్మము దద్దురులెక్కి పగులును. తన వేళ్లనుండియు ఆకులనుండియు విడుదలయగు రసాయనముచే ప్రక్కనున్న విత్తనములను మొలవనీయదు. ఉప్పల్ భగాయత్ వంటి కొత్త లేఅవుట్లలో, మట్టి త్రవ్వి పోసి విడిచిన చోటులలో, మొదట లేచునది ఇదియే. దీనికి కావలసినది ఒక్కటే: పోటీ లేని వట్టి నేల. ఈ యొక్క మాటను శ్రోతలు మనస్సున నుంచుకొనవలెనని కోరుచున్నాను. నేను తరువాత చెప్పబోవునదంతయు దీనిపై ఆధారపడియున్నది.

మందుల చరిత్ర పొడవైనది. మనకు కావలసినంత మట్టుకే చెప్పుదును. రెండవ ప్రపంచ యుద్ధకాలమున ఇంగ్లండు, అమెరికా ప్రయోగశాలలలో రూపొందిన టూ-ఫోర్-డి యను రసాయనము వెడల్పాకుల మొక్కలను చంపి, గడ్డిజాతులను విడిచిపెట్టును. అందుచేతనే అది గోధుమ, వరి చేలకు పనికివచ్చినది. 1960ల ఆరంభమున ఇంగ్లండునుండి వచ్చిన పారాక్వాట్, ఎండ తగిలిన చోట ఆకుపచ్చని భాగమునెల్ల ఒకటి రెండు దినములలో మాడ్చివేయును, వేరును మాత్రము ముట్టదు. ఇక గ్లైఫోసేట్: 1950లోనే స్విట్జర్లండు రసాయనికుడొకడు దానిని తయారుచేసినను, దాని కలుపుసంహారక గుణమును 1970లో అమెరికాలో మోన్‌శాంటో సంస్థకు చెందిన జాన్ ఫ్రాంజ్ కనుగొనెను, 1974లో అది రౌండప్ అను పేర విపణిలోనికి వచ్చెను. ఆకునుండి లోనికి పోయి, రసముతో కూడ వేరువరకు దిగి, మొక్క తనకు కావలసిన కొన్ని ఆమైనో ఆమ్లములను చేసికొను మార్గమును అది మూసివేయును. ఆ మార్గము మనుష్యులలోను, పశువులలోను లేదు. ఇతర మందులకంటె ఇది నిరపాయమను వాదమునకు మూలమిదియే.

నేను రసాయనశాస్త్రమునకు విరోధిని కాను. నాచారమునకు అల్లంత దూరమున, తార్నాకలో, 1944లో హైదరాబాదు సంస్థానపు ప్రయోగశాలగ మొదలై నేడు భారతీయ రసాయన సాంకేతిక సంస్థగ నిలిచిన విద్యాస్థానము వ్యవసాయ రసాయనములను స్వదేశముననే తయారుచేయు పద్ధతులను కనుగొని దేశమునకు చేసిన సేవను గౌరవించువాడను. కూలి దొరకని కాలమున రైతు కలుపుమందును ఆశ్రయించుటలో అర్థమున్నది. కాని పొలమునకును, బాట అంచునకును ఒక మౌలికమైన భేదము కలదు. పొలములో కలుపు చచ్చిన చోటును నింపుటకు పైరు సిద్ధముగ నున్నది. నాలుగు వారములలో అది ఆకులు కమ్మి నేలకు నీడ కట్టును. బాట అంచున అట్టి పైరేదియు లేదు. అక్కడ మందు కొట్టి నేలను వట్టిదిగ చేసితిమా, ఖాళీ సత్రములో ముందు వచ్చినవాడే మంచమెక్కినట్లు, ఏ విత్తనము ముందు మేల్కొనునో దానిదే ఆ చోటు. ఆకు ద్వారమున పనిచేయు మందులేవియు మట్టిలో నిద్రించు విత్తనములను తాకవు. కాబట్టి జూలైలో కొట్టిన మందుచే గరిక చచ్చును. ఆగస్టు వానకు వయ్యారిభామ లేచును. మరల మందు, మరల వయ్యారిభామ. ఒక సంవత్సరము మందు కొట్టి విడిచిన గోడవారలను రెండవ వర్షర్తువున పోయి చూడుడని కోరుదును; చూచినవారికి నా మాట నిరూపణమును కోరదు.

ఈ విషయమును అమెరికాలో చాలకాలము క్రిందటనే గుర్తించిరి. 1962లో వెలువడి లోకమును మేల్కొల్పిన ‘సైలెంట్ స్ప్రింగ్’ అను గ్రంథములో రేచెల్ కార్సన్, డీడీటీ కథతో పాటు, తన దేశపు రహదారుల ప్రక్కల పొదలపై విచక్షణ లేక చల్లిన మందుల కథను కూడ విస్తరించి వ్రాసెను. ఆమె ఆధారముగ గైకొనిన శాస్త్రజ్ఞులలో ఫ్రాంక్ ఎగ్లర్ ఒకడు. అడ్డు వచ్చు ఎత్తైన చెట్లను మాత్రము ఏరి, ఒక్కొక్క మొదటికి మందు పూసి, పొట్టి పొదలను చెక్కుచెదరక కాపాడినయెడల, ఆ పొదలే తరువాత చెట్లను మొలవనీయక అడ్డగించునని అతని పరిశీలన. అమెరికా చెట్లకు అతడు చెప్పిన న్యాయము నాచారపు గరికకును వర్తించును: కాపాడిన పొట్టి మొక్కయే పొడుగు మొక్కకు కావలి. మరియు ఒకే మందును ఏటేట వాడిన చోట దానికి లొంగని కలుపు పుట్టుననుటకు ప్రపంచమున తార్కాణములు పెక్కు కలవు. గ్లైఫోసేటుకు లొంగని రైగడ్డి ఆస్ట్రేలియాలో 1996లోనే బయటపడినది.

ఇక నీటి సంగతి. ఉప్పల్‌వాసులకు ఇది అన్నిటికంటె సమీపమైనది.

గ్లైఫోసేట్ బంకమట్టి రేణువులకు గట్టిగ అంటుకొనుననియు, అక్కడ సూక్ష్మజీవులు దానిని క్రమముగ విచ్ఛిన్నము చేయుననియు చెప్పుదురు, అది నిజము. బురద నీటిలో కలిపిన మందు పనిచేయదని రైతులు చెప్పు మాటకు కారణమిదియే. కాని బాట ప్రక్కన మట్టి ఎంత, సిమెంటు ఎంత? తారు అంచు, కాలిబాట పలకలు, కాలువ గోడ — వీనికి మందును పట్టి యుంచు శక్తి లేదు. వీనిపై పడినది తరువాతి వానతో నేరుగ కాలువలోనికి పోవును. మందు ఆకులోనికి ఇంకుటకు కొన్ని గంటల పొడి వాతావరణము కావలెను. ఆషాఢ శ్రావణముల హైదరాబాదులో, మధ్యాహ్నము ఎండ కాసిన దినముననే సాయంకాలము కుండపోత కురియుట మనమెరుగనిదా? ఉప్పల్ వీధుల నీరు నల్లచెరువునకును, నాచారపు నీరు అక్కడి పెద్దచెరువునకును దిగి, తుదకు మూసీని చేరును. పరిశ్రమల వ్యర్థములచేతను, ఇండ్ల మురుగుచేతను ఇప్పటికే శ్వాస ఆడని ఆ చెరువులకు మరియొక విషభారము నెత్తినపెట్టుట ఎందుకు? మురుగునీటి శుద్ధి కేంద్రములు మలపదార్థములను తొలగించుటకు నిర్మింపబడినవి. కలుపుమందులను వడకట్టుట వాని పని కాదు. యూరపులో ఫ్రాన్సు దేశము 2017 జనవరి 1 నుండి ప్రభుత్వ సంస్థలు ఉద్యానములయందును వీధులయందును, కొలది మినహాయింపులు తప్ప, రసాయనిక మందులు వాడరాదని శాసించుటకు నీటి రక్షణము ముఖ్య కారణములలో ఒకటి.

ఆ నీరు మూసీలో కలిసి ఊరకుండునా? ఉప్పల్, పీర్జాదిగూడ దాటి మూసీ వెంట దిగువకు పోయినవారికి, నగరపు మురుగునీటితో సాగగు పచ్చని గడ్డి మడులు కనబడును. అది ఆఫ్రికానుండి వచ్చిన పారా గడ్డి. ఏడాది పొడవున నీరుండుటచేతను, కోసిన కొలది చిగిర్చుటచేతను, వరి తట్టుకొనలేని నీటినికూడ ఈ గడ్డి తట్టుకొనుటచేతను, ఇక్కడి రైతులు దానిని పంటగ పెంచి, కోయించి, మోపులు కట్టించి, నగరములోని పాడి గేదెల యజమానులకు అమ్ముచు వచ్చిరి. అంతర్జాతీయ నీటి యాజమాన్య సంస్థకు చెందిన పరిశోధకులు 2000 సంవత్సరము తరువాతి తొలి యేండ్లలో ఈ గడ్డి సాగును, దానిపై బ్రదుకు భూయజమానులను, కౌలుదారులను, కూలివారిని, గడ్డి మోయు స్త్రీలను గురించి శ్రద్ధతో అధ్యయనము చేసిరి. అప్పటినుండి ఆ మడులలో చాల భాగము ప్లాట్లయినవి. అయినను గడ్డి మోపు వ్యాపారము సమసిపోలేదు. ఉదయమున మన కాఫీలోనికి వచ్చు పాలలో కొంత ఆ మడుల పుణ్యము. విచిత్రమేమనగా, ఈ పారా గడ్డియే ఉప్పల్ కాలనీల కాలువలలో పెరిగి నీటిని అడ్డగించినపుడు మనము దానిని కలుపు అందుము. కాలువలో దానిపై మందు కొట్టిన నాడు, ఆ నీటి దిగువ కొసన అదే జాతి గడ్డిని ఒక గేదె మేయుచుండునని తలచువారెందరు?

మడులవరకు పోనక్కరలేదు. బాట అంచుననే సాయంకాలము కొడవలి పట్టి గడ్డి కోసికొనిపోవువారు మన పేటలలో ఇంకను ఉన్నారు. ఒకటి రెండు గేదెలు గల ఇల్లు, నాలుగు మేకలు గల ఇల్లు; వారికి ఆ పచ్చిక కొనక దొరకు మేత. గ్లైఫోసేట్ కొట్టిన గడ్డి మొదటి మూడు నాలుగు దినములు చూచుటకు మామూలుగనే పచ్చగ నుండును. అక్కడ మందు పడినదని ఏ పలకయు చెప్పదు. చీడపీడల మందులు వాడిన చోట హెచ్చరిక యుంచుట కనీస ధర్మము. ఆ ధర్మము నెరవేరుట నేను మన వీధులలో చూడలేదు.

పశువుల మాట యటుంచి మనుష్యుల చేతులను చూడుడు. మందు కొట్టు ఋతువును పండుగల ఋతువుతో సరిపోల్చి చూచిన నాకు మనస్సు కలుక్కుమనును. వినాయక చవితినాటి ఇరువదియొక్క పత్రులలో గరిక, ఉత్తరేణి, ఉమ్మెత్త, జిల్లేడు, వాకుడు బాటల ప్రక్కన దొరకునవే. ఆ తెల్లవారుజామున పిల్లలు గుంపులుగ పోయి కోసికొని వత్తురు. అంగడిలో అమ్మకమునకు వచ్చు పత్రియు ఏ తోటలోనో పెంచినది కాదు. ఆ పిమ్మట బతుకమ్మ. తంగేడును, గునుగును లేక తెలంగాణమున బతుకమ్మ పేర్చుట యుండునా? ఉప్పల్, బోడుప్పల్ పరిసరములలో ఖాళీ నేలలు తరిగిన కొలది, గునుగునకు మిగిలిన ఆశ్రయము బాట అంచును, లేఅవుట్ల హద్దులును మాత్రమే. గునుగు లేత ఆకు కూరగ కూడ పనికివచ్చును. జహీరాబాదు ప్రాంతమున డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీలు, విత్తకయే పొలములలో మొలచు దొగ్గలికూర, తుమ్మికూర వంటి ఆకుకూరలు పేదల ఆహారములో ఎంత విలువైనవో దశాబ్దములుగ చాటుచున్నారు. కలుపుమందు తగిలిన నేలలో మొదట మాయమగునవి ఇవియే. పొన్నగంటి, గలిజేరు తెంపుకొనుటకు నాచారపు చెరువు కట్టల వైపు వచ్చు వృద్ధస్త్రీకి, ఏ ఆకుపై ఏమి పడినదో తెలియు మార్గమేది?

ఇంతవరకు మందు పడిన చోటును గూర్చి చెప్పితిని. దానిని వీపున మోయువానిని గూర్చి చెప్పకపోవుట దోషము. పదునారు లీటర్ల ట్యాంకు భుజములకు తగిలించుకొని, లుంగీ మోకాళ్లపైకి కట్టి, చెప్పులు కూడ లేక, తాను చల్లిన తడి గడ్డిలోననే ముందుకు నడుచుచు పోవు కూలివానిని మీరందరు చూచియుందురు. 1968 నాటి ఇన్‌సెక్టిసైడ్స్ చట్టము క్రింద 1971లో చేసిన నియమములు రక్షణ వస్త్రములను తప్పనిసరి చేసినవి. నియమము పుస్తకమున నున్నది, మనిషి గడ్డిలో నున్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు అనుబంధమైన కాన్సరు పరిశోధన సంస్థ 2015 మార్చిలో గ్లైఫోసేట్‌ను మనుష్యులకు బహుశః కాన్సరు కలిగించు పదార్థముల వర్గమున చేర్చినది. అమెరికా, యూరపు నియంత్రణ సంస్థలు ఆ నిర్ణయముతో ఏకీభవింపలేదు. యూరోపియన్ యూనియన్ 2023లో దాని అనుమతిని మరి పది సంవత్సరములు పొడిగించినది. శాస్త్రజ్ఞుల నడుమ వివాదము తీరలేదు గనుక నేను తీర్పు చెప్పను. కాని కాలిఫోర్నియాలో 2018 ఆగస్టున ఒక జ్యూరీ మోన్‌శాంటో కంపెనీకి ప్రతికూలముగ తీర్పు చెప్పిన మొట్టమొదటి వ్యాజ్యములో వాది రైతు కాడు, పాఠశాలల ఆవరణములలో గడ్డిమందు చల్లు ఉద్యోగి. పొలములకు దూరముగ, మనుష్యులు తిరుగు చోటులలో ఈ మందు వాడుటయే అక్కడ వ్యాజ్యమునకు మూలమైనదని గుర్తింపవలెను.

మన దేశమున గ్లైఫోసేట్ వాడుకకు అనుమతి తేయాకు తోటలకును, పంట లేని భూములకును మాత్రమే మొదటినుండి పరిమితమై యున్నది. అనుమతి లేని విత్తనములతో సాగైన పత్తి చేలలో దాని వాడుక ప్రబలగ, తెలంగాణ ప్రభుత్వము 2018లో వానకాలపు నెలలలో దాని అమ్మకముపై ఆంక్షలు విధించినది. 2022 అక్టోబరున కేంద్ర వ్యవసాయ మంత్రిత్వశాఖ, అధీకృతులైన చీడనివారణ నిర్వాహకులు తప్ప ఇతరులు దీనిని వాడరాదని ఉత్తర్వు వెలువరించినది. ఆ యుత్తర్వులోని భావమును గ్రహించినచో, కావలివాని చేతికి డబ్బా ఇచ్చి గోడవార కొట్టించుటకు తావు లేదని స్పష్టము.

పారాక్వాట్ విషయమున నేను ఇంత మెత్తగ మాటాడలేను. దానికి విరుగుడు లేదు; పొరబాటున లోనికి పోయినను ఊపిరితిత్తులను కోలుకొనలేని విధముగ చెరచును. మన జిల్లాల ఆసుపత్రులలో యువవైద్యులు దానిచేత పోవు ప్రాణములను చూచి కన్నీరు పెట్టుకొని, దానిని నిషేధింపుమని ప్రభుత్వములను వేడుకొనుచున్నారు. ఇండ్లు, బడులు, పిల్లలు ఉన్న పేటలోనికి, గోడ ప్రక్క పచ్చికను మాడ్చుటకని, అట్టి పదార్థమును తెచ్చుట ఎంతమాత్రము తగదు. మిగిలిన మందును శీతలపానీయపు సీసాలో పోసి అటక మీద పెట్టు అలవాటు మరియు ఘోరము. ఈ మాట వినుచున్న వారి యింట అట్టి సీసా యున్నచో, దానిమీద పేరు వ్రాసి, తాళము వేసిన చోట నుంచి, మూల డబ్బా అమ్మిన దుకాణదారుని గాని, వ్యవసాయ శాఖ అధికారిని గాని రేపే అడిగి దానిని వదలించుకొనవలెనని ప్రార్థించుచున్నాను.

అయినచో గడ్డిని ఏమి చేయవలెను? కోయవలెను, కాని సమయమెరిగి కోయవలెను. మన నగరపు వర్షములో అధికభాగము జూన్, సెప్టెంబరు నెలల నడుమ కురియును. పొడుగు గడ్డి గింజ పట్టుటకు ముందు, అనగా జూలై చివర ఒకమారు, వానలు వెనుకబట్టు వేళ ఒకమారు, బ్రష్ కట్టరుతో నాలుగు వ్రేళ్ల యెత్తు మిగిల్చి కోసినచో, పొడుగు జాతులు విత్తనము రాల్చకయే క్షీణించును. గరిక కోతచే మరింత దట్టమగును. మొదలంట చెక్కి నేలను నున్నగ చేయించు అలవాటును మాత్రము మానుకొనవలెను; పారతో గీకిన నేలయు మందుతో చంపిన నేలయు వయ్యారిభామకు సమానమే. కోసిన గడ్డిని కాల్చక, మేతకు పనికివచ్చునది పశువులవారికిచ్చి, మిగిలినదానిని చెట్ల మొదళ్లకు కప్పవచ్చును. గునుగు మొలచిన పట్టీలను బతుకమ్మ దాటువరకు విడిచి, ఆ పిమ్మట కోయుట కష్టమేమియు కాదు. ట్రాన్స్‌ఫార్మర్ల కంచెలలో, విద్యుత్ ఉపకేంద్రములలో, కొడవలి పట్టిన చేయి ప్రాణాపాయమునకు గురియగు చోట, మందు అవసరమగుననుటను నేను కాదనను. అక్కడ అధీకృతుడైన నిర్వాహకుడు, గాలి లేని పొడి దినమున, నాజిల్‌కు తొడుగు వేసి, పలక కట్టి, కాలువకు ఎడముగ వాడవలెను. పని ఎవరి చేతిదైనను, ఖర్చు మాట వచ్చునపుడు, మందు డబ్బా వెలను కోత కూలితో పోల్చుట చాలదు; విరిగిన తారు అంచును మరల వేయించు ఖర్చును, పూడిన కాలువను తీయించు ఖర్చును కూడ లెక్కలోనికి తేవలెను.

వయ్యారిభామకు వేరు దారి. పూత రాకముందు, తడి నేలలో, వేరుతో పెరుకుట అన్నిటికంటె మేలు. లీటరు నీటికి 200 గ్రాముల ఉప్పు కలిపి చల్లుమను సిఫారసు ప్రచారమున నున్నది. మూసీ పరిసరపు నేలలు ఇప్పటికే చౌడుబారుచున్నవి గనుక ఇక్కడ దానిని నేను ప్రోత్సహింపను. పెరికిన చోట తగిరిస విత్తనము చల్లినచో, అది దట్టముగ లేచి వయ్యారిభామను తలయెత్తనీయదు. తగిరిస మన చెలకలలో ఎక్కడ చూచినను దొరకును, కొననక్కరలేదు. మెక్సికోనుండి 1983 ప్రాంతమున బెంగుళూరునకు తెచ్చి విడిచిన చిన్న పెంకుపురుగు వయ్యారిభామ ఆకులనే తిని బ్రదుకును. వానకాలమున దానిని మన మొక్కలపైనను చూడవచ్చును. గడ్డిమందుతో పాటు క్రిమిమందు కూడ కలిపి కొట్టించువారు, తమకు కూలి అడుగక పనిచేయు ఈ ప్రాణిని చంపుకొనుచున్నారు.

భారత వ్యవసాయ పరిశోధన మండలికి చెందిన జబల్పూరులోని కలుపు పరిశోధన సంస్థ ఏటేట ఆగస్టు 16 నుండి 22 వరకు పార్థీనియం (వయ్యారిభామ) అవగాహన వారమును నడుపుచున్నది. రాజేంద్రనగరములోని మన వ్యవసాయ విశ్వవిద్యాలయమున కలుపు యాజమాన్యముపై పనిచేయు శాస్త్రజ్ఞులున్నారు. అడిగినచో వచ్చి చూపింపగలరు. ఉప్పల్, నాచారము, చిలకానగర్, రామంతాపూర్ కాలనీ సంఘములు ఈ యేడు ఆ వారములోని ఆదివారమున, వాన వెలిసిన ఉదయమున, పొడవు చేతుల చొక్కాలు తొడిగి, చేతులకు తొడుగులు, ముక్కునకు గుడ్డ కట్టుకొని, ఉబ్బసము గలవారిని ఇంటనే యుంచి, తమ తమ బాట అంచులలో వయ్యారిభామను మాత్రము పెరికి, గరికను ముట్టక విడువవలెనని నా విన్నపము. పెరికిన మొక్కలను పూత లేనివైనచో అక్కడనే గోతిలో వేసి మట్టి కప్పవచ్చును. పూత వచ్చినవానిని సంచులలో కట్టి, విత్తనము రాలకుండ, మునిసిపల్ బండికి ఒప్పగింపవలెను.